కోకిల కూయని గంటా, మనం వినని గంటా?

అందరికీ నమస్కారం.

పక్షుల కూతలు ఏ వేళ ఎన్ని వినిపిస్తాయో చూద్దామని వలంటీర్లు పంపిన రికార్డింగులను గంటలవారీగా పోగేస్తే దాదాపు ఎప్పుడూ ఒకే బొమ్మ వస్తుంది. పొద్దున ఆరు, ఏడు మధ్య పెద్ద కొండ, మధ్యాహ్నం చదును, సాయంత్రం చిన్న గుట్ట. ఆ కొండలో కొంత పక్షులదే. మిగతాది పొద్దున్నే వాకింగుకు వెళ్లేవాళ్లది.

ఊహకు ఒక లెక్క చూడండి. ఉదయం ఆరింటివి 40 రికార్డింగులు, 20లో కోకిల ఉంది. మధ్యాహ్నం రెండింటివి 4, రెండింటిలో ఉంది. 20 పక్కన 2 పెడితే కోకిల మధ్యాహ్నం నోరు మూసుకుందనిపిస్తుంది. భాగిస్తే రెండుచోట్లా సగం సగమే. అయితే నాలుగు రికార్డింగులను నమ్మి ఏ మాటా గట్టిగా చెప్పలేం, అదీ నిజమే.

అందుకే పిట్ట కూసినప్పుడు కాదు, గడియారం చెప్పినప్పుడు రికార్డు బటన్ నొక్కండి. ఒకే చోటు, సరిగ్గా 5 నిమిషాలు. సూర్యోదయానికి అరగంట ముందు, సూర్యోదయాన, ఆ తర్వాత గంటకు, మధ్యాహ్నం రెండింటికి, సూర్యాస్తమయాన, రాత్రి తొమ్మిదింటికి. ఒక్క కూతా వినపడకపోయినా ఫైలు చెరపొద్దు. లెక్కలో హారం అదే. రికార్డింగు సెట్టింగులు 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనోగా పెట్టి, శబ్దాన్ని కుదించని వేవ్ ఫైలుగా దాస్తే 5 నిమిషాలకు సుమారు 29 ఎంబీ అవుతుంది. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే శబ్దం నలిగిపోతుంది, రికార్డు చేసిన సమయానికి బదులు పంపిన సమయం మిగులుతుంది. ఫోన్‌లో నాయిస్ తగ్గించే సెట్టింగు ఉంటే ఆపేయండి. దూరపు పిట్టను కూడా అది రొదగానే లెక్కేస్తుంది.

ఇక గడియారం సంగతి. హైదరాబాదులో సూర్యుడు జూన్ మొదట్లో 5:40 ప్రాంతంలో, జనవరి మధ్యలో 6:50కి దగ్గరగా ఉదయిస్తాడు. విశాఖలో దాదాపు 20 నిమిషాలు ముందే తెల్లవారుతుంది. పిట్టకు ఐఎస్‌టీ తెలియదు కదా! ప్రతి రికార్డింగుకూ సూర్యోదయానికి ఎన్ని నిమిషాలు ముందో, వెనకో రాసుకోవాలి. ఆడియోమాత్ లాంటి, తనంతట తానే శబ్దాలు రికార్డు చేసే చిన్న పరికరం వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోండి. దాని గడియారం మామూలుగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తుంది. అయిదున్నర గంటలు కలపడం మరిస్తే తెల్లవారుజాము కూతలన్నీ అర్ధరాత్రి కుప్పపడతాయి. సగటు తీసేటప్పుడూ జాగ్రత్త: రాత్రి 11:30కీ 12:30కీ అరిచిన గుడ్లగూబకు మామూలు సగటు తీస్తే పట్టపగలు 12 వస్తుంది. రోజును గీతలా కాక చక్రంలా లెక్కించాలి.

ఏ పిట్టదో గుర్తించడానికి బర్డ్‌నెట్ అనే సాఫ్ట్‌వేర్ వాడొచ్చు. అది శబ్దాన్ని 3 సెకన్ల ముక్కలుగా వింటుంది. అది తన గుర్తింపుకు ఇచ్చుకునే స్కోరు 0.8 వస్తే 80 శాతం నిజమని అర్థం కాదు. ప్రతి సమయం నుంచీ కొన్ని ముక్కలు తీసి చెవితో సరిచూడాలి, ఎందుకంటే తప్పులు అన్ని గంటల్లో ఒకేలా ఉండవు. పొద్దున గుడి మైకు, పగలు ట్రాఫిక్, రాత్రి కీచురాళ్లు. రొద పెరిగిన గంటలో యంత్రం పిట్టను వదిలేస్తుంది, మనం దాన్ని మౌనమనుకుంటాం. కోకిలలో మగదాని ‘కుహూ’నూ ఆడదాని ‘కిక్ కిక్’నూ విడివిడిగా రాయండి. ఆ రెంటి పనీ వేరు, వేళలు కూడా ఒకటే కానక్కర్లేదు.

సూర్యోదయం వంతుకు పేర్లు ఇచ్చేవాళ్లు ఎలాగూ ఉంటారు. మే నెల మధ్యాహ్నం రెండింటికి ఎవరొస్తారో ముందు చెప్పండి.