జాక్ వెదరిల్ ఇచ్చిన మాట

అందరికీ నమస్కారం. మన దగ్గర సభలో ఓటింగ్ ఉందంటే చాలు, టీవీల్లో 'విప్ జారీ', 'విప్ ధిక్కరణ', 'అనర్హత వేటు' అని మోగిపోతుంది. 1985లో రాజ్యాంగంలోకి పదో షెడ్యూల్, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక విప్‌ను కాదంటే పదవే పోవచ్చు కాబట్టి ఆ మాట వింటేనే ఎమ్మెల్యేలకు టెన్షన్. ఈ పద్ధతి మనకు బ్రిటన్ పార్లమెంటు నుంచే వచ్చింది, కానీ అక్కడ విప్‌ను ధిక్కరించిన ఎంపీని పార్టీ దూరం పెట్టగలదే తప్ప సీటు లాక్కోలేదు. పార్టీ ఆదేశాన్నే కాదు, ఎంపీల చేత ఆ ప్రకారం ఓటు వేయించే నాయకుణ్ణీ విప్ అనే అంటారు. మరి చట్టం అండ లేని విప్ ఏ బలంతో పనిచేస్తాడు?

అలాంటి ఒక విప్, జాక్ వెదరిల్ గురించి చెప్తాను. లండన్‌లో దర్జీల కుటుంబం. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశంలోనే సైన్యంలో పనిచేశారు, బెంగాల్ కరువు చూశాక మాంసం ముట్టలేదు. 1964లో క్రాయిడన్ నుంచి కన్సర్వేటివ్ ఎంపీ అయ్యారు. కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కుంటారే, ఆ చిన్న తొడుగును జేబులో పెట్టుకు తిరిగేవారు, తను ఎక్కణ్ణించి వచ్చాడో మర్చిపోకూడదని.

ఇక 1979 మార్చి 28. ప్రధాని కాలహన్ లేబర్ పార్టీ ప్రభుత్వం మీద ప్రతిపక్ష కన్సర్వేటివ్ నేత థాచర్ పెట్టిన అవిశ్వాస తీర్మానం. వెదరిల్ అప్పటికి ప్రతిపక్షంలో డిప్యూటీ చీఫ్ విప్, అవతల లేబర్ వైపు అదే హోదాలో వాల్టర్ హారిసన్, ఒకప్పటి ఎలక్ట్రీషియన్. లేబర్ ఎంపీ ఆల్ఫ్రెడ్ బ్రౌటన్ చావుబతుకుల్లో ఉన్నారు, అంబులెన్సులో తెస్తే దారిలోనే ప్రాణం పోతుందేమోనని భయం. ఒక పక్క ఎంపీ మంచాన పడితే అవతలి పక్క కూడా ఒకరు ఓటు మానుకోవడం అక్కడి ఆనవాయితీ. దానికి కాగితం లేదు, చట్టం లేదు, ఇద్దరు విప్‌ల మధ్య మాటే.

హారిసన్ వచ్చి ఆ మాట గుర్తుచేశారు. ఇంత పెద్ద ఓటింగ్‌కి మా వాళ్ళెవరూ ఒప్పుకోరని వెదరిల్ ముందు చెప్పేశారు. కానీ మనసు ఒప్పక, మాట ఇచ్చింది నేను కాబట్టి నేనే ఓటు వేయకుండా ఆగుతానన్నారు. అలా ఆగితే పార్టీలో తన భవిష్యత్తు ముగిసినట్టేనని ఇద్దరికీ తెలుసు. హారిసన్ ఒప్పుకోలేదు, అంత మాట అన్న మనిషిని నాశనం చేయలేనని ఆ మాట నుంచి వదిలేశారు.

ఫలితం 311–310. ఒక్క ఓటు. వెదరిల్ ఆగి ఉంటే 310–310 అయ్యేది, అప్పుడు స్పీకర్ ఓటు ఆనవాయితీ ప్రకారం ప్రభుత్వాన్నే నిలబెట్టేది. ప్రభుత్వం పోయింది, మే 3 ఎన్నికల్లో థాచర్ గెలిచారు. ఈ కథలో వెదరిల్‌నే అందరూ పొగుడుతారు గానీ, సొంత ప్రభుత్వం పడిపోవచ్చని తెలిసీ ఆ ఓటు వదులుకున్న హారిసన్‌ది ఇంకా పెద్ద మనసని నాకనిపిస్తుంది.

బ్రౌటన్ ఏప్రిల్ 2న చనిపోయారు. నాలుగేళ్ళ తర్వాత, 1983లో, సభ వెదరిల్‌ను స్పీకర్ కుర్చీలో కూర్చోబెట్టింది.