జిప్సీ పికప్‌కి క్రాలర్ గేర్లు: ముందుగా మౌంటింగు రబ్బర్లు చూడండి

రాయగడ, కోరాపుట్ జిల్లాల మెకానిక్కులకీ, డ్రైవర్లకీ నమస్కారం.

కాశీపూర్ వైపు ఎర్రమట్టి మిట్ట ఒకటి తలుచుకోండి. వాన ఇప్పుడే వెలిసింది, తొట్టిలో పసుపు బస్తాలున్నాయి. ఫోర్ బై ఫోర్ ‘లో’ రేంజి, ఫస్ట్ గేరు వేశారు. అయినా రాయి ఎదురైన చోట బండి మనం కోరినంత నెమ్మదిగా పోదు. హాఫ్ క్లచ్ మీద ఆడించాల్సి వస్తుంది, మిట్ట ఎక్కేసరికి ప్లేటు కాలిన వాసన. ఇందులో డ్రైవరు తప్పేం లేదు. ‘లో’ గేరే సరిపడా లో కాదు.

లెక్క చూద్దాం. బయటి దేశాల్లో సమురాయ్ పేరుతో అమ్మింది మన జిప్సీకి తోబుట్టువు. దాని ఫస్ట్ గేరు నిష్పత్తి 3.652, ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్స్ బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే పెట్టె) ‘లో’ 2.268, క్రౌన్-పినియన్ (యాక్సిల్ మధ్య గేర్ల జత) 3.727. మూడూ హెచ్చిస్తే సుమారు 31. ఇంజను 31 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. 28 అంగుళాల టైరుతో, 800 ఆర్‌పీఎం ఐడిల్‌లో గంటకి మూడున్నర కిలోమీటర్లు. ట్రాన్స్‌ఫర్ కేసులో 4.16 క్రాలర్ కిట్ (‘లో’ని 2.268 నుంచి 4.16కి మార్చే గేర్ల సెట్టు) వేస్తే ఆ 31 కాస్తా 56 దాటుతుంది. అదే ఐడిల్‌లో వేగం రెండు కిలోమీటర్లకి లోపే. కాలు క్లచ్ మీంచి పూర్తిగా తీసేసి, రాయి మీదికి టైరు పాకుతూ ఎక్కేది ఈ వేగంలోనే. మీ బండి క్రౌన్ పళ్లు వేరైతే లెక్క మీరే కట్టుకోండి.

ఈ ట్రాన్స్‌ఫర్ కేసులో హై కూడా 1.409, నేరుగా ఒకటికి ఒకటి కాదు, కౌంటర్ గేరు (మధ్య షాఫ్ట్ మీది గేరు) మీదుగానే పోతుంది. అందుకే 4.16 కిట్ వేస్తే హై కూడా సుమారు 12 శాతం తగ్గుతుంది, తారు రోడ్డు మీద ఇంజను మోత పెరుగుతుంది. 31 అంగుళాల టైరు వేసుకున్న బండికి అది ఇంచుమించు సరిపోతుంది. స్పీడోమీటరు కేబులు అవుట్‌పుట్ షాఫ్ట్ నుంచి వస్తుంది కాబట్టి గేర్లు మార్చినంత మాత్రాన రీడింగ్ మారదు. 6.5 కిట్లూ ఉన్నాయి. అవి బండరాళ్ల మీద ఆటలాడే బండ్లకి. సంతకి సరుకు తోలే బండికి 4.16 చాలు, అంతకు మించి వద్దనే చెబుతాను.

ఇక అసలు సంగతి. కిట్ వేశాక క్లచ్‌కీ, గేర్‌బాక్స్‌కీ కొత్త బరువేమీ పడదు. కానీ ట్రాన్స్‌ఫర్ కేసు దాటాక ప్రొపెల్లర్ షాఫ్టులు, వాటి క్రాసులు (మడిచే జాయింట్లు), క్రౌన్, యాక్సిళ్లు, వీటన్నిటి మీదా లో గేరులో తిప్పుడు బలం 83 శాతం ఎక్కువ పడుతుంది. ఆ బలానికి ఎదురుగా కేసు మెలి తిరగాలని చూస్తుంది. దాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచేవి మూడు ఇనప చేతులు (బ్రాకెట్లు), మూడు రబ్బరు మౌంటింగులు, అంతే. రబ్బరు చీలి ఉంటే కేసు పక్కకి ఒరుగుతుంది, లో గేరు జారి న్యూట్రల్‌లో పడుతుంది, చివరికి చెయ్యే విరుగుతుంది. మిట్ట మధ్యలో గేరు జారితే బండి వెనక్కి పోతుంది. తొట్టి మీద మనుషులుంటారు. అందుకే కిట్‌కి డబ్బు పెట్టే ముందు కొత్త రబ్బర్లకీ, కేసుని ఛాసిస్‌కి అదనంగా కట్టే ఇనప పట్టీకీ పెట్టండి.

విప్పేటప్పుడు నూనె వేడి మీద వంచండి. మూడు షాఫ్టుల ఫ్లాంజిలకీ పంచ్‌తో గుర్తు కొట్టండి. గుర్తు తప్పితే తర్వాత వణుకు పట్టుకుంటుంది. కేసుని ఛాతీ మీదకి దించుకోకండి, జాక్ పెట్టండి. లివరు షాఫ్టులు లాగే ముందు చెయ్యి అడ్డం పెట్టాలి: చిన్న గోళీ, దాని వెనక స్ప్రింగు ఎగిరి గచ్చు మీద పడి కనబడకుండా పోతాయి. ఆ గోళీ లేకుండా బిగిస్తే గేరు నిలవదు.

కౌంటర్ షాఫ్ట్ బయటికి తీశాక కిరసనాయిల్‌తో కడిగి, నీడిల్ బేరింగ్ (సూదుల్లాంటి రోలర్లున్న బేరింగు) తిరిగిన చోట గోరుతో గీయండి. నునుపుగా ఉంటే సరే. గోరు తట్టుకుందంటే అక్కడ చుక్కలు పడ్డట్టే, షాఫ్టూ నీడిల్ బేరింగులూ కలిపి మార్చాలి. పాత షాఫ్ట్ మీద కొత్త గేరు ఎక్కిస్తే కిట్ డబ్బు బూడిదలో పోసినట్టే. ఆ షాఫ్ట్ చివర ఓ-రింగు కొత్తది వెయ్యండి, లేకపోతే నూనె అక్కణ్ణించే కారుతుంది. గేరుకి రెండు వైపులా థ్రస్ట్ వాషర్లు మరిచిపోవద్దు. బేరింగు షాఫ్ట్ మీదికి ఎక్కించేటప్పుడు ఒత్తిడి లోపలి రింగు మీదే పడాలి. బయటి రింగుని కొడితే గోళీల దారిలో సొట్టలు పడి, వారంలో మోత మొదలవుతుంది.

పెద్ద రేషియో కిట్లకి కేసు లోపల గ్రైండింగ్ కావాలి. గ్రైండ్ చేశాక పొడి పోయేదాకా కడగండి. మూసే ముందు హై, న్యూట్రల్, లో మూడింటిలోనూ చేత్తో తిప్పి చూడండి. ఎక్కడా తగలకూడదు. సీలెంట్ సన్నని గీతలా చాలు. లావుగా పూస్తే పిప్పి లోపలికి ఊడిపడుతుంది.

నూనె 80డబ్ల్యూ-90 జీఎల్-4, సుమారు 0.8 లీటరు, లెవెల్ ప్లగ్గులోంచి కారేదాకా. 500 కిలోమీటర్లకి వంచేసి కొత్తది పొయ్యండి. మొదటి నూనెలో ఇనప రజను వస్తుంది.

నడిపేవాళ్లకి రెండు మాటలు. స్టీరింగు పూర్తిగా తిప్పి ఉండగా లో గేరులో యాక్సిలరేటరు తొక్కొద్దు, ముందు యాక్సిల్ జాయింటు కేజ్ పగులుతుంది. సుంకి ఘాటీలాంటి పొడి తారు రోడ్డు మీద దిగడానికి లో వెయ్యకండి. ఈ బండిలో లో అంటే నాలుగు చక్రాలూ కలిసినట్టే. మలుపులో ముందు వెనక చక్రాలు వేర్వేరు దూరం పోతాయి, తారు మీద జారలేక షాఫ్టులు బిగుసుకుంటాయి. మట్టి దిగుడులో మాత్రం ఫస్ట్ లో వేసి బ్రేకు వదిలెయ్యండి, ఇంజనే పట్టి దింపుతుంది.

గెడ్డ (వాగు) దాటే బండికి కేసు బ్రీదరుకి (గాలి పోయే రంధ్రానికి) గొట్టం తగిలించి ఇంజను పై దాకా తీసుకెళ్లండి. వేడి కేసు చల్లనీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని నీళ్లు పీల్చుతుంది. మర్నాడు ప్లగ్గు తీస్తే నూనె టీ రంగులో కనబడుతుంది. అలా కనబడితే ఆ రోజు బండి తియ్యకుండా ముందు నూనె మార్చండి.