పక్కన పడేసిన టేపు: ది అబిస్సీనియన్స్ కథ

[స్క్రీన్ మీద: అల్మారాలో వరసగా టేపు డబ్బాలు. శబ్దం లేదు.]

1969 మార్చి. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో, 13 నంబరు బ్రెంట్‌ఫర్డ్ రోడ్డు. అక్కడున్నది స్టూడియో వన్. ముగ్గురు గాయకులు వచ్చి ఒక పాట రికార్డు చేశారు. స్టూడియో ఓనరు కాక్సన్ డాడ్ మామూలు మనిషి కాదు, ఏ పాట ఆడుతుందో ఏది ఆడదో చెవితో పట్టేసే రకం. ఆయన ఈ పాట విన్నాడు. అమ్ముడుపోదని తేల్చేసి, టేపు పక్కన పడేశాడు.

రెండేళ్లు అది అలాగే ఉంది. 1971లో ఆ ముగ్గురే 90 పౌండ్లు పెట్టి ఆ టేపు కొన్నారు. అంటే తాము పాడిన పాటని తామే కొనుక్కున్నారన్న మాట. ‘క్లించ్’ అని సొంత లేబుల్ పెట్టుకుని రిలీజ్ చేశారు.

పాట పేరు ‘సత్తా మసగానా’. పాడినవాళ్లు ది అబిస్సీనియన్స్.

[స్క్రీన్ మీద: మూడు పేర్లు, ఒకదాని కింద ఒకటి.]

బెర్నార్డ్ కాలిన్స్, డొనాల్డ్ మానింగ్, లిన్‌ఫర్డ్ మానింగ్. చివరి ఇద్దరూ అన్నదమ్ములు. వీళ్లకి కార్ల్‌టన్ అని ఇంకో తోబుట్టువు ఉన్నాడు. ఆయన గ్రూపు పేరు కార్ల్‌టన్ అండ్ ద షూస్. వాళ్లు పాడిన ‘హ్యాపీ ల్యాండ్’ అనే పాటే మన పాటకి పునాది. ఎక్కడో దూరాన ఒక దేశం, అక్కడ రాత్రే ఉండదు, అంతా పగలే అని మొదలవుతుంది.

ఇక్కడొక చిన్న పక్కదారి. ఆ ఎత్తుగడ వింటే 1838లో ఆండ్రూ యంగ్ అనే స్కాట్లండ్ బడిపంతులు రాసిన పిల్లల భక్తిగీతం గుర్తొస్తుంది. అదీ దూరాన ఉన్న ఆనంద దేశం గురించే. ఆ గీతం ట్యూన్ పక్కన చాలా పాటల పుస్తకాల్లో ‘హిందూస్థానీ బాణీ’ అని అచ్చేసి ఉంటుంది! తొందరపడకండి, మన పాట రెగె, అంటే జమైకాలో పుట్టిన సంగీతం. దాని ట్యూన్ వేరు. వచ్చింది మాటల పోలిక ఒక్కటే. అయినా నాకు ఈ సంగతి తెలిసిన రోజు భలే సరదా అనిపించింది.

ఇక పేరు. ఇది మన ‘సత్తా’ కాదు. ఇథియోపియా భాష అమ్హారిక్‌లోంచి తెచ్చుకున్న మాట. ‘సత్తా’ అంటే ఇచ్చాడు, ‘మసగానా’ అంటే స్తుతి, కృతజ్ఞత. జమైకాలో మాత్రం ‘సత్తా’ అంటే నిమ్మళంగా కూర్చుని ధ్యానంలో ఉండడం అనే అర్థం కూడా ఉంది.

[స్క్రీన్ మీద: ఆఫ్రికా మ్యాప్. ముందు పడమటి తీరం, తర్వాత ఇథియోపియా వెలుగుతాయి.]

మ్యాప్ ఒకసారి చూడండి. జమైకాకి బానిసలుగా పట్టుకొచ్చినవాళ్లలో ఎక్కువమంది పశ్చిమ ఆఫ్రికావాళ్లు. ఇథియోపియా ఉన్నది తూర్పున. అమ్హారిక్ వాళ్ల తాతముత్తాతల భాష కాదు. మరి ఎందుకు నేర్చుకున్నారు? జమైకాలో పుట్టిన రాస్తాఫరీ అనే మతాన్ని నమ్మేవాళ్లకి ఇథియోపియా పుణ్యభూమి, 1930లో అక్కడ పట్టాభిషేకం జరిగిన హైలే సెలాసీ చక్రవర్తి దైవం. 1966 ఏప్రిల్ 21న ఆయన కింగ్‌స్టన్‌లో దిగితే విమానం చుట్టూ జనం ఇసకేస్తే రాలనంతమంది. సొంత భాష పోగొట్టుకున్నవాళ్లు ఒక భాషని ఏరి కోరి తెచ్చుకున్నారు. డొనాల్డ్ పట్టుబట్టి అమ్హారిక్ నేర్చుకున్నాడు. గ్రూపు పేరు కూడా అక్కడిదే. ఇథియోపియాకి పాత పేరు అబిస్సీనియా కదా.

[సంగీతం: బేస్ గిటార్ ఒక్కటే, నెమ్మదిగా.]

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఈ మూడు గొంతులు ఏం చేస్తున్నాయి?

మన భజనలో ఒకరు పాడతారు, మిగతావాళ్లు అదే వరసని తిరిగి అందుకుంటారు. పదిమంది పాడినా స్వరం ఒక్కటే. ఇక్కడ అలా కాదు. ఒకరు ‘స’ పట్టుకుంటే, అదే క్షణంలో ఇంకొకరు ‘గ’, మూడో మనిషి ‘ప’ పట్టుకుంటారు. ముగ్గురూ ఒకే మాట అంటున్నారు, మూడు వేరే మెట్ల మీద నిలబడి. ఆ ‘గ’ కూడా చిన్న గాంధారం, మైనర్ స్కేలు. అందుకే ఆనంద దేశం గురించి పాడుతున్నా, ఎవరో ఇంటికి దూరమైపోయి పాడుతున్నట్టు వినిపిస్తుంది. అసలు మహిమంతా అక్కడే ఉందంటాను నేను. మాటల్లో స్వర్గం, స్వరంలో వలస.

త్రయంగా పాడడం వీళ్లు కనిపెట్టింది కాదు. అమెరికాలో కర్టిస్ మేఫీల్డ్ నడిపిన ద ఇంప్రెషన్స్ అంటే జమైకా కుర్రకారుకి పిచ్చి. బాబ్ మార్లే, పీటర్ టోష్, బన్నీ వెయిలర్ కూడా ముందు గొంతులు కలిపి పాడే గ్రూపే. కాకపోతే మిగతావాళ్లు ఎక్కువగా ప్రేమపాటలకి వాడిన పద్ధతిని అబిస్సీనియన్స్ ప్రార్థనకి వాడారు. పాటలో తొందర లేదు, అరుపు లేదు. ఎవరి గొంతూ పక్కవాడిని తోసుకుని ముందుకు రాదు.

సరే, రికార్డు బయటికొచ్చింది. సూపర్ హిట్! అప్పుడు డాడ్ ఏం చేశాడు? తన దగ్గరున్న అదే రిథమ్ మీద వాద్యాల వెర్షన్లు, డీజేలు మాటలు కలిపిన వెర్షన్లు వదిలాడు. అమ్ముడుపోదన్న పెద్దమనిషే!

అక్కడ అది తప్పు కాదు, వ్యాపారం. జమైకాలో బేస్, డ్రమ్స్ కలిసిన ఆ పునాదిని ‘రిడిమ్’ అంటారు. మన జానపదంలో ఒకే బాణీకి ఊరూరా వేరే మాటలు కట్టుకున్నట్టు, ఒకే రిడిమ్ మీద ఎవరి పాట వాళ్లు కట్టుకుంటారు. ఈ రిడిమ్ మీద బిగ్ యూత్ అనే డీజే తన ధోరణిలో మాటలు చెప్పాడు. అబిస్సీనియన్స్ తామే ‘మబ్రక్’ అని ఇంకో రూపం చేశారు. 1976లో థర్డ్ వరల్డ్ అనే రెగె బ్యాండు తమ మొదటి ఆల్బమ్‌లోనే ఈ పాటని మళ్లీ పాడింది. రాస్తాఫరీ కూటాల్లో ఇది కీర్తనలా నిలిచిపోయింది.

[స్క్రీన్ మీద: 1976, 1978, 1980.]

మిగతా కథ త్వరగా చెప్పేస్తాను. డాడ్ స్టూడియోలోనే ‘డిక్లరేషన్ ఆఫ్ రైట్స్’ చేశారు, ద హెప్టోన్స్ గాయకుడు లీరాయ్ సిబుల్స్ వెనక గొంతు కలిపాడు. హక్కుల కోసం లేచి పోరాడమనే ఆ పాటకీ మంచి పేరొచ్చింది. 1976లో ‘ఫార్వర్డ్ ఆన్ టు జయన్’ ఆల్బమ్ వచ్చింది. దాని దొంగ కాపీలు అసలుదానికంటే ముందే బజారులో పడ్డాయి. 1978లో ‘అరైజ్’ వచ్చేసరికి లోపల గొడవలు ముదిరాయి. 1980లో విడిపోయారు. పాటలో ఒకరినొకరు తోసుకోని ఆ ముగ్గురే!

తర్వాత మళ్లీ కలిశారు. 1998లో వచ్చిన ఆల్బమ్ పేరు ‘రీయూనియన్’. పేరు కోసం పెద్దగా బుర్ర బద్దలుకొట్టుకున్నట్టు లేదు.

[సంగీతం: మూడు గొంతులు. స్క్రీన్ నల్లగా.]