మెట్ల మీద చెక్కిన దాయాదుల పోరు

[విజువల్: పెతేన్ అడవి. వేళ్లతో సహా పడి ఉన్న పెద్ద చెట్టు]

2001లో గ్వాటెమాలా ఉత్తరాన, పెతేన్ అడవిలో తుపాను గాలికి ఒక చెట్టు కూకటివేళ్లతో కూలింది. ఆ చోటు పేరు దోస్ పిలాస్, మధ్య అమెరికాలోని ప్రాచీన మాయా నాగరికతకు చెందిన పాడుబడ్డ నగరం. వేళ్లతో పాటు మట్టి పెళ్లగిలి, అప్పటిదాకా ఎవరూ చదవని రాతిమెట్లు బయటపడ్డాయి. మెట్ల నిండా శాసనాలే! లిపి నిపుణుడు ఫెదెరికో ఫాసెన్ వాటిని చదివితే, తేలింది ఒక దాయాదుల తగాదా.

[విజువల్: మ్యాప్. తికాల్, కలక్‌ముల్, దోస్ పిలాస్]

ఏడో శతాబ్దంలో మాయా ప్రాంతంలో రెండు పెద్ద శక్తులు ఉండేవి. ఒకటి తికాల్, రెండోది కలక్‌ముల్. తికాల్ రాజచిహ్నం జుట్టు ముడి, వెనక నుంచి చూసిన కొప్పులా ఉంటుంది. కలక్‌ముల్‌ది పాము తల. విచిత్రం ఏంటంటే, తికాల్‌కు 110 కిలోమీటర్ల దూరంలో ఉన్న దోస్ పిలాస్ రాజులు కూడా ఆ కొప్పునే వాడుకున్నారు. అంటే ఒకే వంశం.

ఈ మెట్లు చెప్పే దోస్ పిలాస్ రాజు పేరు బహ్లాహ్ చాన్ కవీల్. పుట్టింది 625లో. నాలుగేళ్ల పిల్లాడిగా ఉండగానే తికాల్ వాళ్లు అతన్ని దోస్ పిలాస్‌కు పంపి, అక్కడ తమ స్థావరం పెట్టుకున్నారు. 650లో కలక్‌ముల్ రాజు యుక్నూమ్ చేన్ వచ్చి కొట్టాడు. బహ్లాహ్ పారిపోయాడు. తర్వాత ఏం చేశాడనుకున్నారు? కొట్టినవాడి పక్షానే చేరాడు!

[విజువల్: మెట్టు క్లోజప్, గ్లిఫ్‌ల మీద వెలుగు]

అప్పటికి తికాల్ రాజు నూన్ ఉహోల్ చాక్. బహ్లాహ్‌కి అతను సోదరుడో సవతి సోదరుడో అయ్యుంటాడని పరిశోధకుల అంచనా. 672లో అతను దోస్ పిలాస్‌ని పట్టుకుని బహ్లాహ్‌ని తరిమేశాడు. అయిదేళ్లు ప్రవాసం. 677లో కలక్‌ముల్ సేన వచ్చి దారి క్లియర్ చేసింది. ఇక 679లో అసలు యుద్ధం. ఆ యుద్ధం గురించి మెట్టు మీద ఉన్న మాటలు చూడండి. 'నాబ్' అంటే మడుగు, 'విత్స్' అంటే కొండ. రక్తం మడుగు కట్టింది, పుర్రెలు కొండ అయ్యాయి. తికాల్ వాళ్లవి, అంటే సొంతవాళ్లవే.

మాయా శాసనాల్లో ఒక చిన్న మాట ఉంది, 'ఉకబ్‌హీయ్'. ఫలానావాడు చేయించగా ఇది జరిగింది అని అర్థం. ఎవడు ఎవడికి లోబడి ఉన్నాడో ఈ ఒక్క మాట పట్టిస్తుంది. ఇలాంటి మాటలన్నీ కలిపి చూసే, 1990ల్లో మాయా లిపి నిపుణులు సైమన్ మార్టిన్, నికొలాయ్ గ్రూబె చిన్న రాజ్యాల వెనక రెండు పెద్ద కూటములు ఉన్నాయని వాదించారు. 2001లో బయటపడ్డ మెట్లు ఆ వాదనకు మంచి బలం. అంతకుముందు దోస్ పిలాస్ గొడవని ఊరి తగాదా అనుకున్నవాళ్లూ ఉన్నారు.

అయితే ఒక్క విషయం. ఈ కథంతా బహ్లాహ్ వైపు నుంచే వచ్చింది. తేదీలు పక్కా, మాయా పంచాంగం రోజుతో సహా చెప్పేస్తుంది. చెప్పేవాడు మాత్రం ఒక పక్షంవాడు. సుమారు 562 నుంచి 692 దాకా, 130 ఏళ్ల పాటు తికాల్‌లో తేదీ వేసిన శిలలు దాదాపు కనబడవు. అక్కడి మాట మనకు దొరకలేదు. వాళ్లు మళ్లీ నోరు తెరిచే సరికి సీన్ మారిపోయింది. 695లో నూన్ ఉహోల్ చాక్ కొడుకు హసావ్ చాన్ కవీల్ కలక్‌ముల్‌నే ఓడించాడు.

[విజువల్: దోస్ పిలాస్ ప్రధాన ఆవరణ, గోడ జాడలు]

దోస్ పిలాస్ చివరి రోజుల గురించి ఎక్కువగా తవ్వకాలే చెప్పాలి. 761 నాటికి రాజవంశం పడిపోయింది. మిగిలినవాళ్లు ప్రధాన ఆవరణ చుట్టూ హడావుడిగా గోడలు కట్టుకుని, లోపల గుడిసెలు వేసుకున్నారు. గోడకు రాళ్లు ఎక్కడివి? గుళ్ల నుంచీ, రాజభవనాల నుంచీ ఊడబీకినవే.