అమ్మ దివాన్ దగ్గర గుడగుడ, నా సోఫాలో నిశ్శబ్దం

అందరికీ నమస్కారం అండి. ఆదివారం పొద్దున్నే ఇంత దూరం వచ్చారు, చాలా సంతోషం. ఈరోజు ఒక్క విషయమే చెప్తా, ఇంట్లో రెండో సబ్‌వూఫర్ (బేస్, అంటే లోతైన శబ్దం, ఒక్కటే ఇచ్చే స్పీకర్) ఎందుకు, దాన్ని ఎక్కడ పెట్టాలి, ఎలా కలపాలి.

మా హాలు 16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. టీవీ కింద మధ్యలో ఒక 12 అంగుళాల సబ్ ఉండేది, సోఫా గది మధ్యలో, వెనక గోడకి ఆనించి అమ్మ దివాన్. సినిమా పెడితే అమ్మ "ఆ గుడగుడ తగ్గించరా, గుండెల్లో కొడుతోంది" అనేది, నాకేమో సోఫాలో అసలు బేసే లేదు, నేను పెంచేవాణ్ణి, అమ్మ లేచి వంటగదిలోకి వెళ్లిపోయేది. ఇలా రెండేళ్లు. షాపులో అడిగితే 15 అంగుళాలది తీసుకోండి అన్నారు. అదే తీసుకునుంటే అమ్మకి ఇంకా ఎక్కువ గుడగుడ వచ్చేది, నాకు మాత్రం పెద్ద తేడా తెలిసేది కాదు.

ఎందుకో చెప్తా. నీళ్ల తొట్టిని అటూ ఇటూ ఊపి చూడండి, రెండు చివర్లా నీళ్లు ఎగిసిపడతాయి, సరిగ్గా మధ్యలో మట్టం కదలదు. గదిలో గాలి కూడా అంతే. శబ్దం సెకనుకి దాదాపు 1130 అడుగులు పోతుంది, అంటే 35 హెర్ట్జ్ (సెకనుకి 35 సార్లు ఊగే) అల పొడవు 32 అడుగులు, మా హాలుకి సరిగ్గా రెట్టింపు, అందుకే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర గది తొట్టిలా ఊగుతుంది, చివర్లో అమ్మ దివాన్‌కి గుడగుడ, మధ్యలో నా సోఫాకి ఏమీ లేదు. 565ని మీ గది పొడవుతో, అడుగుల్లో, భాగించండి, మీ నంబర్ వచ్చేస్తుంది. మన ఇళ్లకి ఇటుక గోడలు, ఆర్‌సీసీ స్లాబు, ఇవి అమెరికా ఇళ్ల జిప్సం బోర్డు గోడల్లాగా బేస్‌ని మింగవు, కాబట్టి మనకి ఈ గొడవ ఇంకా ఎక్కువ.

ఈక్యూలో, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచే, తగ్గించే సెట్టింగ్‌లో, ఆ 35 పెంచితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. 10 డెసిబెల్స్ పెంచాలంటే పవర్ 10 రెట్లు కావాలి, సబ్‌ని నడిపే 300 వాట్ల ఆంప్ 3000 ఇవ్వాలి, ఎక్కడి నుంచి ఇస్తుంది? పైగా దివాన్ దగ్గర కూడా అదే 10 పెరుగుతుంది.

రెండో సబ్‌ని వెనక గోడ మధ్యలో, ముందుదానికి ఎదురుగా పెట్టండి. తొట్టిని రెండు చివర్ల నుంచి ఒకేసారి సమానంగా తోస్తే ఆ ఊగడమే మొదలవదు కదా, అదే జరుగుతుంది. హార్మన్ కంపెనీలో టాడ్ వెల్టీ అనే ఇంజనీరు 2002లో దీని మీద పేపర్ రాశాడు, చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో ఉన్న గదుల్లో సబ్‌లని రకరకాల చోట్ల పెట్టి లెక్కలు వేసి చూస్తే, నాలుగు గోడల మధ్యలో నాలుగు పెడితే చాలా బాగుంది, నాలుగు దాటితే పెద్ద లాభం లేదు, ఎదురెదురు గోడల మధ్యలో రెండు పెట్టినా దాదాపు అంత బాగానే ఉంది. నాకైతే మన ఇళ్లకి ఈ రెండే చాలనిపిస్తుంది.

టీవీకి అటొకటి ఇటొకటి పెడతాం, చూడ్డానికి బాగుంటుంది అంటారు. వెడల్పు గొడవ సర్దుకుంటుంది, పొడవు గొడవ అలాగే ఉంటుంది. వెనక తలుపు అడ్డమొస్తే ముందు ఒక మూల, దానికి ఐమూలగా వెనక ఒక మూల పెట్టి చూడండి.

రెండూ ఒకే మోడల్ అయితే మంచిది. సీల్డ్ (డబ్బా పూర్తిగా మూసి ఉన్నది), పోర్టెడ్ (గాలి పోవడానికి గొట్టం ఉన్నది) కలిపితే ఆ గొట్టం పనిచేసే ఫ్రీక్వెన్సీ దగ్గర ఫేజ్ తేడా వచ్చి, అంటే ఒకటి తోసేటప్పుడు ఇంకోటి లాగి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఏవీఆర్‌లో (సౌండ్‌ని స్పీకర్లకి పంచే రిసీవర్) క్రాసోవర్, అంటే ఏ ఫ్రీక్వెన్సీ కింది శబ్దం సబ్‌కి పోవాలో చెప్పే సెట్టింగ్, 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి, 120కి పెంచితే వెనక సబ్ ఎక్కడుందో చెవికి తెలిసిపోతుంది. సబ్ మీద ఉన్న క్రాసోవర్ నాబ్ ఫుల్‌లో వదిలేయండి. ఒక్కోదాన్ని విడిగా ఆన్ చేసి మైక్‌తో ఒకే లెవెల్‌కి తెచ్చి, అప్పుడు రెండూ కలిపి కొలవండి, మధ్య సీట్లో 5, 6 డెసిబెల్స్ పెరగాలి, తగ్గితే ఒకదాని ఫేజ్ స్విచ్ మార్చండి. హమ్ (ఆగకుండా గుయ్‌మనే శబ్దం) వస్తే ముందు రెండిటినీ ఒకే ప్లగ్ బోర్డులో పెట్టి చూడండి, చాలాసార్లు అక్కడే పోతుంది.

ఈక్యూ అన్నిటికంటే చివర, అదీ రెండు సబ్‌లనీ ఒకటే అనుకుని. మా ఇంట్లో 35 గొడవ పోయాక 70 దగ్గర ఒక గుట్ట (బేస్ మరీ ఎక్కువయ్యే చోటు) మిగిలింది, కానీ అది సోఫాలోనూ దివాన్ దగ్గరా ఒకేలా ఉంది కాబట్టి ఈక్యూలో ఒక్క ఫిల్టర్‌తో కోసేశా. అన్ని సీట్లకీ కామన్‌గా ఉన్న గుట్టని ఈక్యూ తీసేయగలదు, ఒక సీట్లో గుంట (బేస్ తగ్గిపోవడం) ఇంకో సీట్లో గుట్ట ఉంటే ఏ ఈక్యూ ఏమీ చేయలేదు, రెండో సబ్ కొనేది దీని కోసమే.

అమ్మ ఇప్పుడు సినిమా చివరిదాకా కూర్చుంటోంది. సరే, ఇప్పుడు ముందు సబ్ ఒక్కటే ఆన్ చేస్తున్నా, వెనక గోడ దగ్గరున్నవాళ్లూ మధ్యలో ఉన్నవాళ్లూ ఒకసారి సీట్లు మార్చుకుని వినండి, తర్వాత రెండోది కలుపుతా.