పటాలం నడపని సేనాని: హెల్మూత్ ఫాన్ మోల్ట్‌కే

సభకు నమస్కారం.

1866 జులై 3న బొహీమియాలోని కోనిగ్‌గ్రేట్జ్ దగ్గర జర్మన్ రాజ్యమైన ప్రష్యా, ఆస్ట్రియా సైన్యాలు తలపడిన రోజున, ఒక ప్రష్యన్ డివిజన్ అధిపతికి పైనుంచి ఉత్తర్వు అందింది. ఆయన దాన్ని చదివి, "అంతా బాగానే ఉంది గానీ, ఈ జనరల్ మోల్ట్‌కే ఎవరు?" అని అడిగాడని చెప్పుకుంటారు. అప్పటికి మోల్ట్‌కేకు 65 ఏళ్లు. యుద్ధ పథకాలు రచించే జనరల్ స్టాఫ్‌కు అధిపతి పదవిలో ఎనిమిదేళ్లు దాటాయి. సొంత సైన్యంలోని అధికారికే పేరు తెలియనంత మరుగున ఒక మనిషి అన్నేళ్లు ఏం చేస్తూ కూర్చున్నాడన్నదే ఈరోజు నా ప్రసంగ విషయం.

అతను పుట్టుకతో ప్రష్యన్ కాడు. 1800 అక్టోబరు 26న మెక్లెన్‌బర్గ్‌లోని పార్ఖిమ్ పట్టణంలో పుట్టాడు. తండ్రి డెన్మార్క్ కొలువులో చేరడంతో కొడుకు కోపెన్‌హాగన్ సైనిక పాఠశాలలో పెరిగాడు. 1822లో ఆ కొలువు వదిలి ప్రష్యా సైన్యంలో చిన్న లెఫ్టినెంట్‌గా చేరాడు. జీతం చాలేది కాదు. గుర్రం కొనుక్కోవడానికి డబ్బు కోసం ఆంగ్ల చరిత్రకారుడు గిబ్బన్ రాసిన రోమన్ సామ్రాజ్య పతన చరిత్రను జర్మన్‌లోకి అనువదించడానికి ఒప్పుకుని, పన్నెండు సంపుటాల్లో తొమ్మిది పూర్తిచేశాడు. అది అచ్చుకు నోచుకోలేదు. ఒక గుర్రం కోసం అంత గొడ్డుచాకిరీ చేసిన లెఫ్టినెంట్ సైనిక చరిత్రలో మరొకడు ఉంటాడని నేననుకోను.

1835లో సెలవు పెట్టి ఇస్తాంబుల్ చూడబోయి, సుల్తాన్ రెండో మహమూద్ సైన్యానికి సలహాదారుగా 1839 దాకా ఉండిపోయాడు. ఆ నగరాన్నీ, బాస్ఫరస్ తీరాన్నీ కొలిచి పటాలు గీశాడు. 1839 జూన్‌లో నిజిప్ దగ్గర ఈజిప్టు సేనలు ఎదురైనప్పుడు, పక్కనుంచి చుట్టుముట్టే ప్రమాదముంది, వెనక్కి తగ్గుదామని మోల్ట్‌కే చెప్పినా తుర్కీ సేనాపతి హఫీజ్ పాషా వినలేదు. చెప్పినట్టే ఓటమి జరిగింది. ప్రష్యా సైన్యంలో మాత్రం మోల్ట్‌కే జీవితంలో ఎన్నడూ ఒక పటాలానికి నాయకత్వం వహించలేదు. పటాలం నడపని ఆ మనిషి పటాలు మాత్రం జీవితాంతం గీస్తూనే ఉన్నాడు.

ఆ పటాల మీద 1840లలో కొత్త గీతలు చేరాయి, రైలు మార్గాలు. అతను దాచుకున్న సొమ్మును బెర్లిన్–హాంబర్గ్ రైల్వేలో పెట్టి, దాని పాలకవర్గ సభ్యుడయ్యాడు; మార్గాన్ని ఎలా ఎంచుకోవాలో 1843లో ఒక వ్యాసం కూడా రాశాడు. లక్షల మందిని ఒకే రోడ్డు మీద నడిపిస్తే తోక బయల్దేరేసరికి తల యుద్ధంలో ఉంటుందనీ, కాబట్టి సైన్యాన్ని అనేక దారుల్లో విడివిడిగా నడిపించి, దెబ్బతీసే చోట మాత్రమే కలపాలనీ అతని లెక్క. 1857లో జనరల్ స్టాఫ్ పగ్గాలు చేతికొచ్చాక రైలు వేళల పట్టికను యుద్ధ వ్యూహంలో భాగం చేశాడు.

1866లో ఆ లెక్కకు పరీక్ష ఎదురైంది. సరిహద్దుకు సైన్యాన్ని చేర్చడానికి ప్రష్యాకు ఐదు రైలు మార్గాలు, ఆస్ట్రియాకు ఒక్కటే. మోల్ట్‌కే ఆ ఐదింటినీ వాడుకోగా, సేనలు వందల కిలోమీటర్ల పొడవునా చెదిరినట్టు కనిపించాయి. స్వపక్షంలోనే చాలామందికి అది పిచ్చిపనిగా తోచింది. కోనిగ్‌గ్రేట్జ్ పోరుకు ముందు రాత్రి ప్రష్యా యువరాజు నడిపే సేన ఇంకా దూరంగానే ఉంది. టెలిగ్రాఫ్ తంతి అందని చోటికి, చీకట్లో గుర్రం మీద ఉత్తర్వు వెళ్లింది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ సేన జాడలేదు. ఆందోళనతో ఉన్న ప్రష్యా ప్రధాని బిస్మార్క్ తన చుట్టల డబ్బా మోల్ట్‌కే ముందు పెట్టాడనీ, అతను తాపీగా పరిశీలించి మేలైన చుట్టనే ఏరుకోవడం చూసి ఊపిరి పీల్చుకున్నాడనీ ఒక ముచ్చట ఉంది. ఆ తర్వాత యువరాజు సేన ఆస్ట్రియన్ల కుడి పార్శ్వం మీద విరుచుకుపడింది. నేలమీద పడుకుని ఉండగానే తూటా నింపుకోగలిగే సూది తుపాకి కూడా ప్రష్యన్లకు ఎంతో మేలు చేసిందన్నది మరువరాదు. ఆస్ట్రియా వైపు నష్టం, బందీలతో కలిపి, 40 వేలు దాటింది. ప్రష్యాకు సుమారు 9 వేలు.

1870లో ఫ్రాన్స్‌తో జరిగిన యుద్ధం అందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. సెడాన్ దగ్గర చక్రవర్తి మూడో నెపోలియన్ సహా లక్ష మంది సైన్యం లొంగిపోయింది. అయితే అంతా పథకం ప్రకారం జరగలేదు. వృద్ధ సేనాని స్టైన్‌మెట్జ్ మాట వినక ముందుకు దూకి రక్తపాతం తెచ్చాడు. చక్రవర్తి పట్టుబడ్డాక కూడా ఫ్రాన్స్ ప్రజలు కొత్త సేనలతో నెలల తరబడి పోరాడారు. పారిస్ మీద ఫిరంగులు ఎప్పుడు పేల్చాలన్న దానిపై బిస్మార్క్‌తో తీవ్రమైన తగాదా నడిచింది. శత్రువు ప్రధాన బలంతో తొలిసారి తలపడే వరకే ఏ పథకానికైనా భరోసా ఉంటుందని తర్వాత మోల్ట్‌కే రాసింది ఈ అనుభవాల నీడలోనే.

అతన్ని శాంతమూర్తిగా చూపే ప్రయత్నాలు నాకు ఒప్పుదల కావు. శాశ్వత శాంతి ఒక కల, అది అందమైన కల కూడా కాదని 1880లో ఒక ఉత్తరంలో రాసినవాడు అతనే. ఫ్రాన్స్ ప్రాంతాలైన అల్సాస్, లొరేన్‌లను కలుపుకోవాలని పట్టుబట్టినవారిలోనూ ఉన్నాడు. అయినా 1890 మే నెలలో, 89 ఏళ్ల వయసులో, పార్లమెంటులో లేచి, రాబోయే యుద్ధం ఏడేళ్లు, బహుశా ముప్ఫై ఏళ్లు సాగవచ్చనీ, యూరప్‌కు నిప్పుపెట్టేవాడికి వినాశనం తప్పదనీ హెచ్చరించింది కూడా అతనే. 1914లో యుద్ధం మొదలైనప్పుడు అతని స్థానంలో అతని పేరే గల తమ్ముడి కొడుకు కూర్చుని ఉన్నాడు.

ఏడు భాషల్లో మౌనంగా ఉండగలడని సమకాలికులు అతని మీద చమత్కరించేవారు. ఆ మౌని గొంతు మాత్రం మిగిలింది. 1889 అక్టోబరులో, సైలీసియాలోని క్రైసావ్‌లో తన సొంత ఎస్టేటులో, ఎడిసన్ పంపిన మనిషి తెచ్చిన, గొంతును నమోదు చేసే ఫోనోగ్రాఫ్ యంత్రం ముందు కూర్చుని మాట్లాడాడు. 1891లో అతను కన్నుమూశాక ఎన్నో దశాబ్దాలు మరుగునపడి ఉన్న ఆ మైనపు గొట్టాలలోని గొంతు అతనిదేనని 2012లో లోకానికి వెల్లడైంది. ఏనాడో సమాధిలో చేరిన మనిషి మళ్లీ గొంతెత్తి వర్తమానాన్ని పలకరించే వీలు ఈ యంత్రం కల్పిస్తోందని అందులో అతను అంటున్నాడు.