ఆదోని యార్డులో ఎర్రర్ 76

ప్రిన్సిపాల్ సార్‌కి, కంప్యూటర్ డిపార్ట్‌మెంట్ సార్లకి, మేడమ్‌లకి నమస్కారం. స్టేజీ మీద ఇంకా పెద్దోళ్లున్నారు, అందరి పేర్లూ చెప్తూ పోతే నా టైమ్ అయిపోతాది, ఏమనుకోవద్దండి. కెరీర్ గురించి మాట్లాడమని పిలిచినారు గానీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేను ఒక్క లైను కోడ్ గురించి చెప్పి పోతా.

విజువల్ బేసిక్ 6 అనే ప్రోగ్రామింగ్ భాష, విబి అంటాం, 1998లో వచ్చింది. మా అప్పుడు కర్నూల్లో అదే నేర్చుకున్నాం. అది పట్టుకుని ఆదోని మార్కెట్ యార్డులో ఒక పత్తి కమిషన్ దుకాణానికి బిల్లుల ప్రోగ్రామ్ రాసిచ్చినా. మా ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేసింది. దుకాణంలో మొదటి బిల్లుకే చిన్న డబ్బా వచ్చి నిలబడింది, రన్‌టైమ్ ఎర్రర్ 76, పాత్ నాట్ ఫౌండ్, అంటే ఫోల్డర్ దారి దొరకలేదని. కాటా అయిపోయిన ఒక పెద్దాయన, తువ్వాలు భుజాన వేసుకుని, "నాయనా, కౌతాళం బస్సు పోతాది, చీటీ ఇయ్యి" అంటాడు, నాకేమో చెమటలు. ఆఖరికి సేటు చేత్తోనే రాసిచ్చినాడు గానీ బస్సు పోయింది, ఆయన ఆ రాత్రి పత్తి బోరాల మీదే పడుకున్నాడు.

తప్పు నాదే. బిల్లు ప్రింటయ్యే ముందు ఒక టెంపరరీ ఫైలు రాసుకుంటాది, దాని దారి డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ అని మొదలుపెట్టి నా లాగిన్ పేరుతో సహా కోడ్‌లో పెట్టేసినా. సేటు కంప్యూటర్లో నా పేరు యాడుంటాది?

ఇట్లాంటి దారుల్ని విండోస్ పేర్లు పెట్టి దాచుకుంటాది, వాటినే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు, టెంపరరీ ఫోల్డర్ దారి పేరు టెంప్. ఎన్విరాన్ అని రాసి బ్రాకెట్లో, కోట్స్ మధ్య టెంప్ అని అడిగుంటే ఏ మిషన్ దారి ఆ మిషనే చెప్పేది. తర్వాత విండోస్ విస్టాతో ఆ డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ పేరు యూజర్స్ అయిపోయింది, అడిగి తెలుసుకున్న ప్రోగ్రామ్‌కి ఏం కాలేదు. విబి 6 తర్వాత మైక్రోసాఫ్ట్ తెచ్చిన డాట్‌నెట్‌లో అయితే ఎన్విరాన్ బదులు గెట్‌ఎన్విరాన్‌మెంట్‌వేరియబుల్. ఆ పేరు లేకుంటే విబి 6 ఖాళీ స్ట్రింగ్ ఇస్తాది, డాట్‌నెట్ నథింగ్ ఇస్తాది, చెక్ చేయకుండా వాడొద్దు.

నా బాధ ఏందంటే, ఈ ఎన్విరాన్ మా నోట్సులో ఉంది! ఫంక్షన్ల లిస్టులో ఒక్క లైను, డిక్టేట్ చేసినారు, రాసుకున్నాం, ఒక్కరోజన్నా కొట్టి చూపించలేదు. చూపించుంటే ఆ పెద్దాయన ఇంటికి పోయి అన్నం తినేవాడు గదా.

సరే, దుకాణం సంగతికొస్తా. బిల్లుల ఫోల్డర్‌కి కూడా మై కంప్యూటర్ ప్రాపర్టీస్‌లో కొత్త వేరియబుల్ పెట్టినా, విబిలో రన్ చేస్తే ఖాళీ, మళ్లీ మళ్లీ ఖాళీ, స్పెల్లింగ్ పదిసార్లు చూసినా. పొలానికి పోయేవాడికి పొద్దున ఇంట్లో సద్ది కడతారు, వాడు పోయినాక ఇంట్లో ఏం వండినా ఆ మూటలోకి రాదు. ప్రోగ్రామ్ కూడా అంతే, మొదలైనప్పుడు చేతికిచ్చిన కాపీనే దానికి తెలుసు. నేను విబి మూయకుండా అట్లే పెట్టుకున్నా, లోపల రన్ చేసేదానికి కూడా విబి దగ్గరున్న పాత మూటే. మూసి తెరిస్తే వచ్చింది! ఒక మధ్యాహ్నమంతా పోయింది. డాట్‌నెట్ 2.0 నుంచి యూజర్ అనో మెషిన్ అనో చెప్పి అడిగితే నేరుగా విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోంచి తెస్తాది, అప్పుడు ఈ తిప్పలు లేవు.

మీ ప్రాజెక్టుల్లో సొంత పేరున్న పాత్ ఎంతమందికుంది? చేతులెత్తండి, సిగ్గుపడేదేం లేదు. చానామంది ఉన్నారే! మేడమ్, భోజనాలకి ఇంకా అరగంట ఉందంటున్నారు, ల్యాబ్ తాళం ఇప్పించండి. పదండి, ముందు అందరూ టెంప్ ప్రింట్ చేసి చూడండి, తర్వాత ఒక్కొక్కరి కోడ్ దగ్గర కూర్చుంటా.